అడవి పందులకి సోలార్ ఫెన్సింగ్ కిట్: గుంటూరులో కొని, చేలో పెట్టి చూశాక

ముందు మార్కులు చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్లు అవి చూసుకుని వెళ్లిపోవచ్చు. సోలార్ ఫెన్సింగ్ మెషిన్‌కి ఐదుకి నాలుగు. "ఇవి కూడా తీసుకోండి సార్, కాంబోలో కలిసొస్తాయి" అని చేతిలో పెట్టిన మెరుపు లైట్లకి ఒకటి. వాసన మందు డబ్బాకి సున్నా. కొట్టువాళ్ల మాట తీరుకి నాలుగు, అమ్మిన తర్వాత చేసిన సర్వీసుకి రెండు. ఎందుకు అన్నది కాస్త పొడుగ్గానే చెప్పాలి. పందుల బాధ పోవడానికి అని మార్కెట్లో అమ్మేవాటిలో దేనికి రుజువుంది, దేనికి లేదు అన్నది రైతుకి చెప్పేవాళ్లు లేరు, రైతేమో ఏటా ఏదో ఒకటి కొంటూనే ఉన్నాడు.

మా చేను పల్నాడులో, వెల్దుర్తి మండలంలో, అడవి అంచున. నేను గుంటూరులో ఉంటాను, సాగంతా బాబాయ్‌ది. మొక్కజొన్న, కంది, కొంచెం మిర్చి. మొక్కజొన్న కంకి పాలుపోసుకునే టైముకి పందులు దిగుతాయి, తినేది కొంత, తొక్కి పడేసేది అంతకు మించి. ఒక్క రాత్రి గుంపు పడితే తెల్లారేసరికి ఆ మూలంతా రోలర్ తిప్పినట్టు ఉంటుంది. పంట మీద అప్పు తెచ్చిన మనిషికి అది చూస్తే ఏమనిపిస్తుందో బయటివాళ్లకి చెప్పినా అర్థం కాదు. అందుకే చాలామంది చేసే పని, మోటారు లైను నుంచి తీగ లాగి చేను చుట్టూ నేరుగా కరెంటు పెట్టడం. దాని గురించి మొహమాటం లేకుండా చెప్తాను. అది కంచె కాదు, ఉరి. పందితో పాటు చిరుత పోతుంది, ఎలుగుబంటి పోతుంది, దుప్పి పోతుంది, రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క చేను మనిషి కూడా పోతాడు. పేపర్లో ఈ వార్త రాని సీజను ఉండదు.

ఇంకో విషయం. మా పక్కనున్నది మామూలు అడవి కాదు, నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు వైపు ఆనుకున్న అడవి. విస్తీర్ణంలో దేశంలోనే పెద్ద టైగర్ రిజర్వు అది, 1983 నుంచి ప్రాజెక్టు టైగర్ కింద ఉంది. 2022 లెక్కల్లో మన రాష్ట్రం మొత్తం మీద పులులు 63. ఆ పులికి, చిరుతకి తిండి ఈ పందులూ దుప్పులూ కణుతులే (సాంబార్ జింకలు). పందికని పెట్టిన ఉచ్చులో చిరుత నడుము ఇరుక్కున్నా, పందికని పెట్టిన తీగ పులికి తగిలినా ఆ నష్టాన్ని ఏ ఇన్సూరెన్సూ పూడ్చలేదు. కాబట్టి పంట దక్కాలి, జంతువు బతకాలి, ఆ రెండూ చేసే వస్తువు ఏదైనా ఉందా అన్న ప్రశ్నతోనే నేను గుంటూరు పట్నం బజార్లో కొట్లు తిరిగాను.

ప్రతి కొట్లోనూ ఒకటే మాట: "వంద శాతం పనిచేస్తుంది సార్." ఎక్కడ పెట్టి చూశారు అంటే ఫోను తీసి వీడియో చూపిస్తారు. లైటు మెరిసింది, పంది వెనక్కి తిరిగింది. బాగానే ఉంది. కానీ అది ఒక పంది, ఒక రాత్రి. లైటు లేని పక్క చేలో ఆ రాత్రి ఏమైంది? నెల తర్వాత అదే లైటు ముందు అదే పంది ఏం చేసింది? ఆ రెండు ప్రశ్నలకి జవాబు లేకపోతే ఆ వీడియో రుజువు కాదు. నేను అడిగితే కొట్లో కుర్రాడు పాపం నిజాయితీగానే చెప్పాడు, "అవన్నీ కంపెనీవాళ్లకి తెలియాలన్నా, మాకు బాక్సు వస్తది, అమ్ముతాం" అని. అందుకే మాట తీరుకి నాలుగు వేశాను.

రుజువు అంటే ఎలా ఉండాలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ బోట్స్వానాది. ఒకవాంగో డెల్టా దగ్గర సింహాలు ఆవుల్ని పట్టుకుపోతుంటే పరిశోధకులు ఆవుల పిర్రల మీద కళ్ల బొమ్మలు వేశారు. సింహం వెనక నుంచి మాటేసి వచ్చే జంతువు కదా, తనని చూసేశారు అనుకుంటే ఆగుతుందేమో అని. నాలుగేళ్లు, 14 మందలు, మొత్తం 2,061 పశువులు. ఇక్కడ తెలివైన పని ఏంటంటే, కొన్నిటికి కళ్లు వేశారు, కొన్నిటికి ఊరికే ఇంటూ గుర్తు వేశారు, కొన్నిటిని అలాగే వదిలేశారు, అన్నీ అదే మందల్లో కలిసి మేశాయి. కళ్ల బొమ్మలున్న 683లో సింహాలు చంపినవి ఒక్కటీ లేదు. ఇంటూ గుర్తున్న 543లో 4 పోయాయి. ఏమీ లేని 835లో 15 పోయాయి. 2020లో బయటికొచ్చింది ఈ లెక్క. ఇంటూ గుర్తు ఎందుకు వేశారంటే, రంగు వల్ల ఆగిందా, కళ్ల వల్ల ఆగిందా తేలాలి కదా. మన కొట్లలో అమ్మేవాళ్లెవరూ తమ వస్తువుకి ఇలాంటి పరీక్ష చేసి చూపించలేదు. ఖర్చెంత? రంగు డబ్బా, బ్రష్షు. ఆవూ బతికింది, ఆవుని చంపిందని రైతు పగబట్టి సింహానికి విషం పెట్టే అవసరమూ తప్పింది.

ఇప్పుడు మెరుపు లైట్ల సంగతి. చిలీలో ఆండీస్ కొండల మీద ఇలాంటి లైట్లనే లామాలూ అల్పాకాలూ (ఒంటె జాతి పెంపుడు పశువులు) మేపేవాళ్ల దగ్గర పెట్టి చూశారు. కొన్నాళ్లు కొందరి దొడ్లకి లైట్లు, మిగతావాళ్లకి లేవు, తర్వాత తారుమారు చేశారు. ప్యూమాలు, అంటే అక్కడి పెద్ద పిల్లి జాతి జంతువులు, ఆగాయి. అక్కడి నక్కలు ఆగలేదు. ఒకే లైటు, ఒకే కొండ, ఒక జంతువుకి పనిచేసింది, ఇంకోదానికి పనిచేయలేదు. మరి పందికి? స్విట్జర్లాండులో బాజెల్ యూనివర్సిటీవాళ్లు సరిగ్గా ఇదే పరీక్ష చేశారు, సోలార్‌తో మెరిసే లైట్లు పెట్టి, పందులు మేతకొచ్చే చోట్ల. 2011లో వచ్చిన ఫలితం: పందుల రాక తగ్గింది 8.1 శాతం, అంటే లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదు. వాళ్లే వాసన మందు కూడా పరీక్షించారు, అదీ తేలిపోయింది. నేను డబ్బులు పెట్టి కొన్న రెండు వస్తువులూ ఇవే. కాంబోలో వచ్చాయి కాబట్టి మన నేల మీద కూడా చూద్దామని వాడాను.

కంచె విషయంలో మాత్రం లెక్క వేరు. టెక్సస్‌లో 2008లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది, అక్కడ కూడా పందుల బాధ మన లాంటిదే. రెండు వరసల కరెంటు తీగ కడితే మేత పెట్టిన చోట్లకి పందుల చొరబాటు రోజువారీ లెక్కలో 49 శాతం తగ్గింది, జొన్న చేలల్లో నష్టం 64 శాతం తగ్గింది. నాకు ఈ అంకెల మీద నమ్మకం కలిగిందే అవి వంద కానందుకు. వంద అన్నవాడు అమ్మేవాడు, 64 అన్నవాడు కొలిచినవాడు. మూడొంతుల్లో దాదాపు రెండొంతుల నష్టం తగ్గితే మా బాబాయ్ లాంటి రైతుకి ఆ సీజను గట్టెక్కినట్టే.

మెషిన్ గురించి. కిట్‌లో ఎనర్జైజర్ (తీగలోకి కరెంటు దెబ్బలు పంపే పెట్టె, అసలు మెషిన్ ఇదే), 12 వోల్టుల బ్యాటరీ, సోలార్ ప్యానెల్, కొన్ని ఇన్సులేటర్లు, ఒక గేటు హ్యాండిల్ వచ్చాయి. తీగ, స్తంభాలు, ఎర్త్ రాడ్లు మనమే కొనుక్కోవాలి, ఇది కొనేముందు అడగండి, చాలామంది ధర చూసి అన్నీ వస్తాయనుకుంటారు. ఈ మెషిన్ చేసే పని ఏంటంటే వేల వోల్టుల దెబ్బని సెకనుకి ఒకసారి, సెకనులో చాలా చిన్న భాగం మాత్రమే తీగలోకి వదులుతుంది. తగిలితే గట్టిగా కొడుతుంది, వెంటనే వదిలేస్తుంది. ఇంటి కరెంటు అలా కాదు, ఆగకుండా పారుతుంది, పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోయి వదలదు. చంపేది అదే. ఐఈసీ 60335-2-76 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దాని ప్రకారం 500 ఓంల నిరోధం దగ్గర ఒక్కో దెబ్బ శక్తి 5 జౌళ్లు దాటకూడదు. పెట్టె మీద ఈ నంబరు ఉందో లేదో చూసి తీసుకోండి. లేకుండా చవగ్గా దొరికే లోకల్ పెట్టెలు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

చేలో ఇలా పెట్టాం. అడవి వైపు మొక్కజొన్నకి మూడు తీగల కంచె, కింది తీగ నేల నుంచి జానెడు ఎత్తులో. పందికి అది ముఖ్యం, అది దూకడం తక్కువ, ముట్టెతో తోసుకుని కింద నుంచి దూరుతుంది. తడి ముట్టె తీగకి తగిలితేనే దానికి బుద్ధి వస్తుంది, ఒంటి మీద వెంట్రుకల వల్ల వీపుకి తగిలినా పెద్దగా తెలియదు. వాగు వైపు ఉన్న చిన్న మడికి లైట్లు, దాని గట్ల మీద వాసన మందు. ఆ పక్కన ఉన్న వేరేవాళ్ల చేలో ఏమీ లేదు.

మొదటి వారం కంచె వైపూ, లైట్ల మడిలోనూ పందులు పెద్దగా రాలేదు. కొత్త వస్తువు ఏది కనపడినా అవి కొన్నాళ్లు అనుమానంగా దూరంగా ఉంటాయి, అమ్మేవాళ్ల వీడియోలన్నీ ఈ మొదటి వారంలో తీసినవే అని నా గట్టి నమ్మకం. తర్వాత ఒక పొద్దున లైట్ల మడిలోకి వెళ్తే, లైటు కట్టిన కర్ర కిందే, సరిగ్గా దాని కిందే, నాలుగు దంట్లు విరిగి పడున్నాయి, నమిలి ఊసిన కంకి పీచు ఇంకా తడిగా ఉంది, గిట్టల గుర్తులు కర్ర చుట్టూ తిరిగి ఉన్నాయి. లైటు అప్పటికీ మెరుస్తూనే ఉంది. వాసన మందు ఒక వాన పడగానే పోయింది. ఆ మడి ఆ సీజను మాకు దక్కలేదు.

కంచె వైపు నేల మీద గుర్తులు వేరే రకంగా ఉన్నాయి. తడి మట్టిలో గుంపు నేరుగా తీగ దాకా వచ్చింది, అక్కడ మట్టి గీరుకుపోయి, ఒకచోట వెనక గిట్టలు లోతుగా దిగబడి, అక్కడి నుంచి అడుగులన్నీ అడవి వైపు దూరం దూరంగా, అంటే పరుగెత్తినట్టు. బాబాయ్ ఆ గుర్తుల పక్కన గొంతుకూర్చుని, "ఒరేయ్, చచ్చింది ఒక్కటీ లేదు చూడు, తిన్నది కూడా ఏం లేదు" అన్నాడు. జీవితమంతా మంచె మీద నిద్ర కాచిన మనిషి ఆ మాట అనడం నాకు చాలా విలువైన విషయం.

మరి ఐదుకి ఐదు ఎందుకు వేయలేదంటే, పెట్టి వదిలేస్తే ఈ కంచె దండగ. వానలకి గడ్డి పెరిగి కింది తీగకి తగిలింది. తగిలిన ప్రతి పోచా కొంత కరెంటుని నేలలోకి లాగేస్తుంది. మొదట్లో టెస్టర్ పెడితే 7 వేల వోల్టులు చూపించిన తీగ, గడ్డి పెరిగాక రెండు వేలకి పడిపోయింది, ఆ రాత్రే ఒక పంది దూరింది. గడ్డి కొడితే మళ్లీ ఎక్కింది. రెండోది ఎర్త్. నేల ఎండిపోతే ఎర్త్ సరిగా అందదు, పందికి దెబ్బ తగలదు, రైతేమో మెషిన్ పాడైందనుకుంటాడు. మేం మూడు రాడ్లు దూరం దూరంగా పాతి, ఎండల్లో వాటి మొదట్లో నీళ్లు పోస్తున్నాం. డిజిటల్ టెస్టర్ కిట్‌లో ఇవ్వరు, విడిగా కొనాలి, అది లేకుండా ఫెన్సింగ్ కొనడం దండగ అని కొట్టువాళ్లే చెప్పాలి. చెప్పరు.

సర్వీసుకి రెండు ఎందుకంటే, మాకొచ్చిన బ్యాటరీ మొదట్నించీ ఛార్జి నిలుపుకోలేదు. మార్చమంటే కంపెనీ మనిషి వస్తాడన్నారు, ఆయన రేపు అంటే మాపు అన్నాడు, ఆ రేపూ మాపుల మధ్య పంట పాలుపోసుకుంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా టెన్షన్. చివరికి కొట్టు యజమానే సొంతంగా వేరే బ్యాటరీ ఇచ్చాడు, ఆ రెండు మార్కులు ఆయనవి. సీజను మొదలవ్వకముందే, కనీసం నెల ముందు కొని బిగించి, ఇలాంటివన్నీ ముందే బయటపడేలా చూసుకోండి.

ఇంకో సంగతి, దీన్ని దాచి రివ్యూ రాస్తే తప్పవుతుంది. కంచె మన చేనుని కాపాడితే పందులు పక్క చేలో పడతాయి. మా పక్క పెద్దాయన ఒకరోజు గట్టు మీదే నిలబెట్టి అడిగాడు, "ఏరా అబ్బాయ్, మీ చేలోవన్నీ మా మీదకి తోలారా?" అని. నేనేం చెప్పగలను, "నిజమే మావయ్యా" అన్నాను. శ్రీలంకలో ఏనుగుల విషయంలో ఇదే సమస్యకి ఒక పద్ధతి పట్టారు. అక్కడ ప్రభుత్వం ఏళ్ల తరబడి అడవి సరిహద్దు మీద కంచెలు వేసింది, వాటికి రెండు వైపులా ఏనుగులున్నాయి, కాపలా ఎవరూ లేరు, తెగితే చూసేవాడు లేడు. పృథ్వీరాజ్ ఫెర్నాండో అనే ఏనుగుల శాస్త్రవేత్త బృందం దాన్ని తిరగేసింది. కంచె అడవి చుట్టూ కాదు, ఊరి చుట్టూ, పొలాల చుట్టూ. రైతులే సంఘంగా ఏర్పడి బాగోగులు చూసుకుంటారు, వరి పొలాల చుట్టూ వేసింది కోత అవగానే తీసేస్తారు, మోడు పొలంలో ఏనుగు మేసినా ఎవరికీ నష్టం లేదు. తెగిన తీగని ఆ రోజే కట్టేది దాని వెనక పంటున్నవాడు. ఇదే మెషిన్‌ని ఇక్కడ నలుగురు రైతులు కలిసి కొంటే తలా ఖర్చు తగ్గుతుంది, గడ్డి కొట్టే వంతులు పంచుకోవచ్చు, పందులు ఒకరి మీద నుంచి ఒకరి మీదకి పోవు. మేం ఆ పెద్దాయనతో కలిసి వచ్చే పంటకి అలాగే వేస్తున్నాం. వాగు వెంట దారి మాత్రం వదిలేస్తున్నాం, అది జంతువులు నీళ్లకి వచ్చే దారి, దాన్ని మూస్తే అవి ఎక్కడో ఒకచోట కంచె తెంపుకునే వస్తాయి.

కింది తీగ విషయంలో ఒక నష్టం కూడా ఉంది. దక్షిణాఫ్రికాలో ఇలాంటి కంచెల కింది తీగ తగిలి తాబేళ్లు, అలుగులు (ఒంటి నిండా పొలుసులుండే పాంగోలిన్లు) చనిపోతున్నాయని తేలింది. అలుగుకి దెబ్బ తగిలితే పారిపోదు, భయంతో ముడుచుకుంటుంది, ఒక్కోసారి తీగనే చుట్టుకుని ముడుచుకుంటుంది, సెకనుకో దెబ్బ తగులుతూనే ఉంటుంది. మన అడవుల్లో అలుగు ఉంది, నక్షత్ర తాబేలూ ఉంది. తీగ ఎత్తు పెంచితే పంది దూరుతుంది, తగ్గిస్తే వీటికి ప్రమాదం. దీనికి పూర్తి పరిష్కారం నాకు కనపడలేదు. పగలు మెషిన్ ఆపేస్తున్నాం, తాబేళ్లు తిరిగేది ఎక్కువగా పగలే కాబట్టి వాటికి కొంత మేలు. పొద్దున్నే ఒకరు తీగ వెంట నడిచి చూస్తున్నారు. కంకులు కోయగానే కింది తీగ తీసేస్తున్నాం, ఏడాదంతా ఉంచాల్సిన పని లేదు.

ఫెన్సింగ్‌కి డబ్బు పెట్టలేనివాళ్లు మొక్కజొన్న చుట్టూ ఆముదం ఒత్తుగా వేయడం అనే పద్ధతి చూడండి, వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేసినదే, ఆముదం గింజలు అమ్ముకోవచ్చు కూడా. మేం వాగు వైపు మడికి ఈసారి లైట్లు తీసేసి అదే వేస్తున్నాం. పాత చీరలు, వెంట్రుకలు, టపాసులు అన్నీ మా ఊళ్లో వాడారు, మొదటి వారం పనిచేసి తర్వాత లైట్ల దారే పట్టాయి.

కొనేవాళ్లకి నా మాట: ఎనర్జైజర్, బ్యాటరీ, ప్యానెల్, టెస్టర్ కొనండి, కాంబోలో లైట్లూ డబ్బా వద్దని గట్టిగా చెప్పి ఆ డబ్బుతో ఇంకో ఎర్త్ రాడ్డు, మంచి ఇన్సులేటర్లు అడగండి, బేరం కుదురుతుంది. బిల్లు మీద బ్యాటరీ నంబరు రాయించుకోండి, వారంటీ అడిగినప్పుడు మొదట అడిగేది అదే. ఒక ఎకరం లోపు చేను ఒక్కటే అయితే పక్కవాళ్లని కలుపుకోకుండా కొనకండి, గిట్టుబాటు కాదు. కంచె చుట్టూ వారానికోసారి గడ్డి కొట్టే మనిషి మీ ఇంట్లో లేకపోతే అసలు కొనకండి.